గట్టు తగాదా అని నేనే చెప్పినా

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లు కడుపులో పెట్టుకుని అన్నం తింటున్నా. ఇది చదివే నువ్వెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే నీకు చెప్పగలుగుతున్నా.

నా చెల్లెలి కొడుకు ఓబులేసు. జమ్మలమడుగు పక్క పల్లెలో చీనీతోట, అదే బత్తాయితోట, వాళ్లది. వాడికి మతి చెడిందని ఇంట్లో అందరికీ తెలుసు. బోరు పైపుకు చెవి ఆనించి, తనను చంపడానికి లోపల ఎవరో మాట్లాడుకుంటున్నారనేవాడు. దర్గాకు తీసుకుపోయినాం, తాయెత్తు కట్టించినాం. డాక్టరు దగ్గరికి పోలేదు. పోతే పదిమందికీ తెలుస్తుందని.

ఒకరోజు పక్కతోట రైతు మోటారు వేయడానికి వంగినాడు. వీడు గడ్డపారతో కొట్టి చంపేసినాడు. ఆ మనిషికీ మాకూ ఏ పగా లేదు.

ప్రొద్దుటూరు కోర్టు వరండాలో మా వకీలు నన్ను పక్కకు పిలిచినాడు.

"పెద్దాయనా, పిల్లోనికి మతి బాగలేదా? అట్లుంటే ఇప్పుడే చెప్పు. అది తేల్చి జడ్జికి చెప్పే డాక్టరు మనకీడ దొరకడు. విశాఖపట్నం పంపమని అడగాల."

"అట్లాంటిదేం లేదు సార్. గట్టు తగాదా."

"మరి బోరుతో మాట్లాడతాడంట?"

"నేను నా ఎద్దులతో మాట్లాడతా. నన్నూ పంపుతావా విశాఖపట్నం?"

ఆయన నవ్వినాడు. నేనూ నవ్వినా. అంతే, ఆ మాట మళ్లీ రాలేదు.

ఎందుకన్నా అట్లా? అప్పుడే నా కొడుక్కి పులివెందుల సంబంధం కుదురుతోంది. మా సీమలో, ఇంట్లో హంతకుడున్నాడంటే పిల్లనిస్తారు, పౌరుషం గల ఇల్లంటారు. పిచ్చోడున్నాడంటే గడప తొక్కరు. పెండ్లి జరిగింది. ఓబులేసుకు యావజ్జీవం పడింది. చచ్చినాయన గట్టు జరిపిన దొంగగా మిగిలిపోయినాడు.

చాన్నాళ్లు సర్కారును తిట్టినా. బడికి పోకుండా సొంతంగా చదువు నేర్చినోణ్ణి, నోరు ఊరుకోదు. ఇన్ని కోర్టులు, ఇన్ని జైళ్లు కట్టినోళ్లకు, నేరం చేసినోని మనసును పరీక్షించే డాక్టరును ఒక్కణ్ణి మా దగ్గర పెట్టడానికి చేతకాలేదా? ఆ కోపం న్యాయమైనదే, ఇప్పటికీ అంటా. కానీ ఆ డాక్టరు మా వీధిలోనే ఉండుంటే నేను నిజం చెప్పేవాణ్ణా? చెప్పేవాణ్ణి కాదు. ఇది ఒప్పుకోలేకనే అంత గట్టిగా అరిచినానేమో.

మొన్న జైలుకు పోతే ఓబులేసు అడిగినాడు: "మామా, ఆయప్పతో మనకు గట్టు తగాదా యాడుండింది? శానా ఆలోచన చేస్తాండా. గుర్తుకు రావడంల్యా."

"ఉండిందిలేరా" అన్నా.

వాడు తలూపినాడు. నన్ను నమ్మినాడు.

ఆ వకీలు ఇప్పుడు లేడు. ఇప్పుడు చెప్తే వినేదెవరో తెలియదు. చెల్లెలి ముందు నోరు పెగలదు. మన్నించమని నిన్ను అడగను, ఆ హక్కు నీది కాదు. తగాదా లేదు. వానికి జబ్బుండింది. దాచింది నేను. ఈ మూడు ముక్కలు రాసినాక ఊపిరి కొంచెం ఆడుతోంది.