ఎవరి రొట్టె వాళ్ళకి

జిలాలీ పోయిన నలభయ్యో నాడు మసీదు పక్కన అందరికీ గోధుమరవ్వ కుస్కుస్ వండి పెట్టారు. తిన్నవాళ్ళంతా ఆయన్ని ఆకాశానికెత్తేశారు. ఒకాయనైతే సిద్ధపురుషుడు అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నలభై ఏళ్ళుగా ఆ మనిషి రొట్టెల బట్టీకి ఎదురింట్లో ఉన్నదాన్ని నేను, రఖియాని. సిద్ధపురుషుడూ లేదు, పాడూ లేదు. వట్టి ముక్కోపి. టీలో పంచదార తగ్గితే గ్లాసు అక్కడే వదిలేసి పోయేవాడు. పిల్లలు పోట్లాడుకుంటుంటే తెడ్డు పట్టుకుని వెంటపడేవాడు. కాకపోతే మా మక్నేస్ ఊరి పాతబస్తీలో ఎవరూ గడప తొక్కనివ్వని పిల్లల్ని పదకొండేళ్ళపాటు తన బట్టీలోకి రానిచ్చాడు. మొత్తం ఇరవై ముగ్గుర్ని. ఆ ఇరవై మూడోవాడి విషయంలో నేనొక పాపం చేశాను. నా నోట్లో నువ్వుగింజ నానదని పేటంతా అంటుంది గానీ, ఈ ఒక్క గింజా ఇన్నేళ్ళూ నానింది.

మా పేటలో ఎవరి పిండి వాళ్ళింట్లోనే పిసుక్కుంటాం. కాల్చడం మాత్రం బట్టీలోనే. పొద్దున పదయ్యేసరికి పిల్లలు రొట్టెల పలకలు నెత్తిన పెట్టుకుని, పైన గుడ్డ కప్పుకుని వరస కట్టేస్తారు. నలభై ఇళ్ళ పలకలు, ఒక్కదాని మీదా పేరుండదు. ఒకావిడ ఫోర్కుతో పొడుస్తుంది, ఒకావిడ సోంపు చల్లుతుంది, ఇంకొకావిడకి అంచు మందంగా ఉండాలి. జిలాలీ పొడుగాటి చెక్క తెడ్డుతో అన్నీ కలిపి లోపలికి తోసేసేవాడు. కాలి బయటికొచ్చాక చూపుతోనే ఏరి ఎవరి పలక మీద వాళ్ళవి పెట్టేవాడు. ఆయన పొరబడగా నేను చూడలేదు.

మా పేట గోడ అవతల, తప్పు చేసి జడ్జి ముందుకెళ్ళిన పిల్లల్ని ఉంచే కేంద్రం ఒకటుంది. అక్కడ పనిచేసే ఇహ్సాన్ అనే అమ్మాయి ఒకరోజు బట్టీకి వచ్చింది. పిల్లలకి పగటిపూట ఏదైనా పని నేర్పించాలట. మంగలి కాదన్నాడట, వెల్డింగువాడు కాదన్నాడట, వడ్రంగి తలుపే వేసుకున్నాడట. జిలాలీ ఒక్కటే అడిగాడు, కుర్రాడు పొద్దున్నే లేస్తాడా అని. ఏం చేసి లోపలికి వచ్చాడని ఆ రోజూ అడగలేదు, ఆ తర్వాత ఏ కుర్రాడినీ అడగలేదు.

వచ్చినవాడికి మొదట మంట ముట్టుకోనిచ్చేవాడు కాదు. ముక్కాలి పీట వేసి కూర్చోబెట్టి, వారం రోజులు రొట్టెలు చూడమనేవాడు. ఏది ఎవరిదో చెప్పమనేవాడు. తప్పు చెబితే తిట్లు. ఇదేం చదువయ్యా, వీళ్ళకి బళ్ళో నేర్పనిది నీ రొట్టెలు నేర్పుతాయా అని నేను ఎగతాళి చేశాను.

“పక్కవాడిది లాక్కున్నందుకే కదా వీళ్ళని లోపల పెట్టారు,” అన్నాడు. “ఎవరిది వాళ్ళకివ్వడం వచ్చేసిందంటే ఇంక నేర్పడానికేముంది, రఖియా?”

అందరూ బాగుపడ్డారని చెప్పను. ఒకడు ఆయన సైకిలే ఎత్తుకుపోయాడు. ఇంకొకడు ఇప్పుడు పెద్ద జైల్లో ఉన్నాడు. ప్రతి పండక్కీ వాడికి రొట్టెలు పట్టుకెళ్ళి, కడుపునిండా తిట్టి వచ్చేవాడు జిలాలీ. తాజా అనే ఊళ్ళో ఒకడు సొంత బట్టీ పెట్టాడు. పిల్లలందరూ ఆయన్ని ‘బా’ అనేవారు, నాన్న అన్నట్టు. ఆయనకి సొంత పిల్లల్లేరు. భార్య పోయి అప్పటికి తొమ్మిదేళ్ళు.

మర్వాన్ వచ్చేటప్పటికి వాడికి పదహారు. ఖెనిఫ్రాలో ఎవరి మోటారుసైకిలు మీదో వెనక కూర్చుని ఒకావిడ చేతిలో ఫోను లాగాడు. ఆవిడ కిందపడి చెయ్యి విరిగింది. ఇది నేను ఇహ్సాన్ని గుచ్చి గుచ్చి అడిగి రాబట్టిన సంగతి. కుర్రాడు నోరు తెరిచి మాట్లాడేవాడు కాదు. ముసలివాడిలా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. జిలాలీ వాడిని ‘ఒరే తాతా’ అని పిలిచేవాడు. పిలిచినప్పుడల్లా వాడి పెదవి ఒక పక్క కొంచెం వంగేది. వాడి నవ్వంటే అంతే. నెల తిరక్కుండా నలభై పలకలూ పట్టేశాడు. నా రొట్టె చూసి, ఇవాళ ఉప్పు మరిచిపోయావు లల్లా అన్నాడోసారి, లల్లా అంటే అమ్మగారూ అన్నట్టు. కొరికి చూస్తే నిజమే.

జిలాలీకి వాడంటే ప్రాణం అయిపోయింది. బట్టీ మీది గదికి సున్నం వేయించాడు. ఎవరికోసమయ్యా అంటే ఎలుకల కోసం అన్నాడు. ఇహ్సాన్ మాత్రం నాకు చెప్పింది. జడ్జి దగ్గర విచారణ రాబోతోంది, తల్లో తండ్రో వచ్చి సంతకం చేస్తే పిల్లవాడు ఇంటికెళ్తాడు, లేకపోతే నమ్మకమైన మనిషెవరికైనా అప్పగిస్తారు. ఆ కాగితంలో జిలాలీ తన పేరు రాయించుకున్నాడు.

విచారణ ఇంకా పన్నెండు రోజులుందనగా, మా పేటకి కొత్తగా వచ్చినవాళ్ళ ఇంటి నుంచి హిబా అనే ఏడేళ్ళ పిల్ల పలక తెచ్చింది. నాలుగు పెద్ద రొట్టెలు, పిల్లకోసమని ఒక చిట్టి రొట్టె. ప్రతిదాని అంచు చుట్టూ నాలుగు వేళ్ళ గుంటలు, మధ్యలో బొటనవేలి గుంట. మర్వాన్ వాటిని చూస్తూ అలాగే నిలబడిపోయాడు. లోపల రొట్టెలు మాడి పొగొచ్చింది. మాడినవి నావే, అందుకని నేను ఆ పూటంతా వాడిని దులిపేశాను. వాడు ఒక్కటీ వినిపించుకున్నట్టు లేదు.

జనం పలచబడ్డాక జిలాలీ దగ్గరికొచ్చి అన్నాడు, “బా, ఆ రొట్టె మా అమ్మది.”

ఎంతమంది అలా వేళ్ళు నొక్కరు అన్నాడు జిలాలీ.

“ఎడమచేత్తో నొక్కింది. మా అమ్మది ఎడమచేతి వాటం.”

ఇహ్సాన్ ఫైలు తిరగేసింది. తల్లి పేరు నజాత్. హిబాని అడిగితే వాళ్ళమ్మ పేరూ అదే అంది. వాడు కేంద్రానికి వచ్చిన మొదటి ఏడాది రెండుసార్లు చూడ్డానికి వచ్చింది. ఆ తర్వాత పంపిన ఉత్తరాలన్నీ తిరిగొచ్చేశాయి. ఆవిడ మళ్ళీ పెళ్ళి చేసుకుని మా ఊరే వచ్చిందని, కొడుకున్న గోడకి నాలుగు సందుల దూరంలో కాపురం ఉంటోందని ఎవరికీ తెలియదు. పెళ్ళయిన ఆడదాని ఇంటికి మగవాడు వెళ్ళి ఇలాంటివి మాట్లాడితే బాగుండదు, కేంద్రం మనిషి వెళ్తే పేటంతా తెలిసిపోతుంది. జిలాలీ నన్ను బతిమాలాడు. జన్మలో ఎవరినీ బతిమాలని మనిషి.

వెళ్ళాను. నజాత్ పిండి చేతులతోనే తలుపు తీసింది. నేను మర్వాన్ పేరెత్తగానే గోడకి ఆనుకుపోయింది. ఎలా తెలిసిందని కూడా అడగలేదు. మొగుడు లారీ తోలతాడు, మంచివాడే. హిబా అతని మొదటి భార్య కూతురు. పిల్లవాడు దక్షిణాదిలో తండ్రి తరఫువాళ్ళ దగ్గర పెరుగుతున్నాడని చెప్పి పెళ్ళి చేసుకుంది. కేంద్రం ఊసే తెలియదతనికి.

“తెలిస్తే నన్ను వీధిలో నిలబెడతాడు లల్లా,” అంది.

నేనూరుకుంటానా. కన్నపేగా, కట్టెముక్కా నీది అన్నాను. నువ్వు చేసిన రొట్టె నీ కొడుకే కాల్చి పంపిస్తున్నాడు, గొంతు దిగుతోందా అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా నోరు నాకే అసహ్యం. మంగళవారం, పొద్దున తొమ్మిదింటికి, ఫలానా గది అని చెప్పి, వస్తావా రావా అని నిలదీశాను. ఆవిడ మళ్ళీ పిండి దగ్గర కూర్చుంది. ముద్దని రెండు చేతులా నొక్కుతూ, “ఇన్షా అల్లా,” అంది.

దేవుడి దయుంటే అని ఆ మాటకి అర్థం. మా ఊళ్ళో సరే అనడానికీ అదే మాట, మొహం మీద కాదనలేనప్పుడూ అదే మాట. కళ్ళలోకి చూసి అన్నారంటే వస్తారు. ఎటో చూస్తూ అన్నారంటే రారు. పాలుతాగే పిల్లలకి కూడా తెలిసిన సంగతి. నజాత్ పిండి వంక చూస్తూ అంది.

బట్టీ గుమ్మంలో జిలాలీ, మర్వాన్ ఇద్దరూ నిలబడున్నారు. ఉన్నది ఉన్నట్టు చెబుదామనే వచ్చాను. ఇన్షా అల్లా అంది అన్నాను.

“ఎలా అంది లల్లా?” అన్నాడు మర్వాన్. “నీ వంక చూసి అందా?”

వాడి మొహం చూశాక నావల్ల కాలేదు. అంత ఆశ ఏ మొహంలోనూ చూడలేదు నేను. “నా కళ్ళలోకి చూసే అంది,” అన్నాను.

జిలాలీ ఆ మధ్యాహ్నమే వెళ్ళి కాగితంలో తన పేరు కొట్టేయించుకు వచ్చాడు. తల్లి వస్తుంటే మధ్యలో నేనెవర్ని, నా పేరుంటే జడ్జి ఆవిడని చిన్నచూపు చూడొచ్చు అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

ఆ పది రోజులూ మర్వాన్ మాట్లాడాడు. అవును, మాట్లాడాడు. వాళ్ళమ్మ చలికాలంలో వండే బఠాణీ సూపు గురించి, వాడికి చిన్నప్పుడు ఆవిడ చేసిన చిట్టి రొట్టె గురించి. హిబా తెచ్చిన పలకకి బట్టీలో మంచి చోటు వెతికేవాడు. తను అన్న అవుతాననే మాట మాత్రం ఆ పిల్లకి చెప్పలేదు. అమ్మ చెప్పాలి అన్నాడు. జిలాలీ వాడికి తెల్లచొక్కా కొన్నాడు. కొట్లో రంగు నచ్చలేదని రెండుసార్లు మార్పించాడు. నేను రోజూ రొట్టెకి వెళ్తూనే ఉన్నాను. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. వస్తుందేమో, తల్లి కదా అని కూడా అనుకున్నాను. మనకి కావలసిందే నిజమని మనకి మనం చెప్పుకోవడానికి ఎంతసేపు!

మంగళవారం ముగ్గురం కోర్టు వరండాలో కూర్చున్నాం. కేంద్రం తరఫున ఇహ్సాన్ ఉంది. తొమ్మిదయింది. పదయింది. మెట్ల మీద ఏ ఆడమనిషి అడుగు వినబడ్డా మర్వాన్ కాలరు సర్దుకునేవాడు. పదకొండు దాటాక లోపలికి పిలిచారు.

జడ్జిగారు కళ్ళజోడు తీసి, పిల్లవాడి తరఫున ఎవరొచ్చారని అడిగారు. జిలాలీ లేచాడు. నాకివ్వండి, గది ఉంది, పని ఉంది అన్నాడు. మీరే కదా పేరు తీసేయించుకుంది అన్నారు జడ్జిగారు. అయినా పిల్లవాడికి ఇష్టమైతే ఇప్పుడే రాస్తాను అని మర్వాన్ వైపు తిరిగారు. మంచి మనిషి, తొందరపెట్టలేదు.

మర్వాన్ చేతులు వెనక్కి కట్టుకున్నాడు. “నాకీ ఊళ్ళో ఎవరూ లేరండీ. దూరంగా ఏ ఊరికైనా పంపించండి.”

జడ్జిగారు రెండోసారి అడిగారు. వాడు అదే మాట అన్నాడు. ఆయన రాసేశారు.

వరండాలోకి రాగానే జిలాలీ వాడి చొక్కా చెయ్యి పట్టుకున్నాడు. “నేను లేనట్రా? నాకు మాత్రం ఎవరున్నార్రా?”

“నువ్వున్నావు బా,” అన్నాడు వాడు. “కానీ నేను బట్టీలో ఉంటే ఆవిడ రొట్టె ఎక్కడ కాల్చుకుంటుంది? చిన్నపిల్లని రోజూ ఎంత దూరం పంపుతుంది?”

జిలాలీ చెయ్యి వదిలేశాడు. అంతటి మనిషి ఆ బల్ల మీద కూలబడి, మొహానికి టోపీ అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఇహ్సాన్ కుర్రాడిని తీసుకెళ్తుంటే నా ముందు ఒక్క క్షణం ఆగాడు. “ఆవిడ నీ వంక చూడకుండానే అంది కదూ లల్లా?” అన్నాడు నెమ్మదిగా. వాడికి తెలిసిపోయింది. జవాబు కోసం నిలబడ్డాడు. ఆ ఒక్క నిజమైనా ఇవ్వలేకపోయాను వాడికి. కాళ్ళవంక చూస్తూ ఉండిపోయాను.

వాడిని దక్షిణాన ఎక్కడికో పంపారు. జిలాలీ ప్రతి శుక్రవారం ఇహ్సాన్‌కి ఫోను చేసి కనుక్కునేవాడు. పద్దెనిమిదేళ్ళు నిండగానే వాడు బయటికి వెళ్ళిపోయాడనీ, ఎటు వెళ్ళాడో తెలియదనీ చెప్పాక ఫోను చేయడం మానేశాడు. ఇరవై నాలుగో కుర్రాడి కోసం ఇహ్సాన్ రెండుసార్లు వచ్చి అడిగింది. మోకాళ్ళు నొప్పులన్నాడు.

నజాత్ పలక రోజూ వచ్చేది. నేనైతే ఆ రొట్టెల్ని బొగ్గు చేసేదాన్ని. ఆయన ఒక్కనాడూ మాడ్చలేదు. కాకపోతే పలక అందించేటప్పుడల్లా హిబా తల మీదుగా గోడకేసి చూస్తూ, మాట తప్పిన మనిషి అని గొణిగేవాడు. ఆరేళ్ళు గొణిగాడు. ఎవరిమీదా గంటకి మించి కోపం నిలవని మనిషి, ఈ ఒక్క కోపం ఆసుపత్రి మంచం దాకా మోసుకెళ్ళాడు. చివరి రోజుల్లో నేనే పక్కన కూర్చున్నాను. మాట తప్పింది, పిల్లవాడికి మాటిచ్చి తప్పింది అనేవాడు. ఊరుకో జిలాలీ అనేదాన్ని. ఆమె మాటే ఇవ్వలేదని, ఇచ్చింది నేనని, ఆయన ఊపిరి ఆగేదాకా చెప్పలేకపోయాను.