పాల అలమరలో ఊసరవెల్లి

పోయిన నెల ఒక ఉదయం, ఏలూరులో మేముండే అపార్టుమెంటు వెనక, ప్రహరీగోడ మీదికి ఒరిగిన మునగచెట్టు కింద పదిమంది గుమిగూడి ఉంటే, ఏమిటోనని నేనూ మెల్లగా మెట్లు దిగి వెళ్ళాను. కొమ్మ మీద ఊసరవెల్లి ఉంది. ఎవరో ఫోను చేస్తే అటవీశాఖ వాళ్ళు ఇద్దరు వచ్చి, అది పట్టుకున్న కొమ్మతో సహా కోసి చిల్లుల పెట్టెలో పెట్టారు. వీటిని ఇళ్ళల్లో పెంచడం నేరమండీ, కనిపిస్తే మాకు చెప్పండి అని అందరికీ మర్యాదగా చెప్పారు కూడా. మూత వేసేముందు దాని ఒక కన్ను వాళ్ళ మీద ఉండగానే రెండో కన్ను నిదానంగా తిరిగి నా మీద ఆగింది. డెబ్బై దాటినదాన్ని, పట్టపగలు, పదిమందిలో నిలబడి, నా కుడిచేతి చూపుడువేలిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకున్నాను. అలాంటిదే ఒకటి ఆ వేలిని పట్టుకుని అరవై ఏళ్ళు దాటింది.

అప్పుడు మాది తాడేపల్లిగూడెం. కింద నాన్న కిరాణా కొట్టు, దాని వెనక వంటిల్లు, పైన మధ్య తలుపున్న రెండు మేడ గదులు. నాన్నకు కొట్టు తప్ప మరో లోకం లేదు. చిన్నాన్న మాత్రం కొట్టులో కూర్చోనని చదువుకుని హైస్కూల్లో సైన్సు మాస్టారయ్యాడు. ఆయన భార్య, మా పిన్నిది ముదినేపల్లి. ఆ ఏడు వైశాఖంలో పుట్టింట్లో పురుడు పోసుకుంది. ఆడపిల్ల. ఏడవలేదు. అలాంటప్పుడు ఆ రోజుల్లో ఏం చేసేవారో నా ఈడు వాళ్ళకు చెప్పనక్కరలేదు. తల్లికి చూపిస్తే బెంగపెట్టుకుంటుందని, ఆవిడకు మెలకువ వచ్చేలోగా గుడ్డలో చుట్టి తీసుకుపోయేవారు. చిన్నాన్న తన చేతుల్తో తీసుకెళ్ళి, చేతులు కడుక్కుని తిరిగొచ్చాడట. ఎక్కడికని పిన్ని అడగలేదు, ఆయన చెప్పలేదు. వానలు తగ్గాక ఆవిడ గూడెం వచ్చి, మేడ మీద తూర్పు గదిలో గోడవైపు తిరిగి కూర్చుంది. పెడితే తినేది, నీళ్ళు తోడితే పోసుకునేది, మాట మాత్రం లేదు. ఒక మనిషి ఇంట్లో ఉండి కూడా చప్పుడు చెయ్యకపోతే ఆ ఇల్లు ఎలా ఉంటుందో ఆ కార్తీకంలో నాకు తెలిసింది. మెట్లెక్కేటప్పుడు నా అడుగులు నాకే వినిపించేవి.

చిన్నాన్న పిన్ని ట్రంకుపెట్టె తేవడానికి ముదినేపల్లి వెళ్ళి, పెట్టెతో పాటు మూతున్న వెదురుబుట్ట ఒకటి తెచ్చాడు. ముళ్ళకంచె కొడుతున్న కూలీలు దాన్ని చంపబోతుంటే అడిగి తీసుకున్నాడట. బుట్టలో ఊసరవెల్లి ఉందనేసరికి నాయనమ్మ గుమ్మంలోనే అడ్డం నిలబడింది. చూపుతోనే నెత్తురు పీలుస్తుందని మేమంతా నమ్మే రోజులవి. చిన్నాన్న ఆవిడను ఎలాగో ఒప్పించి, నన్ను పక్కకు పిలిచి మెల్లగా చెప్పాడు: “మీ పిన్ని దీన్నయినా చూస్తుందేమోనమ్మా. నువ్వు నాకు సాయం చెయ్యాలి.” నాకు పదకొండేళ్ళు. పెద్దవాళ్ళు సాయమడిగితే వచ్చే గర్వంలో భయం సగం పోయింది.

పాలూ పెరుగూ పెట్టుకునే పాత చెక్క అలమర ఒకటి మూలపడి ఉండేది, ఇనుపజాలీ తలుపులది. అరలు ఊడదీసి, పడమటి గదిలో, మధ్య తలుపు పక్కనే నిలబెట్టాం. పాల వాసన పోయేదాకా బూడిదతో తోమింది నేనే. లోపల జామకొమ్మలు అడ్డంగా, నిలువుగా, అది పట్టుకుని నడవగలిగేటంత లావువి చూసి కట్టాం. అన్నివైపులా మనుషులు కనబడితే అది బెదిరి తిండి మానేస్తుందని చిన్నాన్న ఏదో పుస్తకంలో చదివాడు. అందుకని మూడువైపులా గుడ్డ కప్పాలన్నాడు. నేను కిందికి పరిగెత్తి, దండెం మీద చేతికందిన నాన్న పాతపంచె తెచ్చి కప్పాను. గిన్నెలో నీళ్ళు పెడితే తాగదు, ఆకుల మీద జారే చుక్కల్నే తాగుతుంది. అందుకని అడుగున సూదిబెజ్జం చేసిన డబ్బా ఒకటి పైన వేలాడదీశాం. మిడతలు పట్టుకురావడం నా పని. తీరా దాన్ని అలమరలోకి ఎక్కించేటప్పుడు అది కొమ్మను వదిలి నా వేలిని పట్టుకుంది. రెండు వేళ్ళు ఇటు, మూడు వేళ్ళు అటు, చల్లగా, పసిపిల్ల పిడికిలిలాగా. విడిపించుకోబోతే ఇంకా బిగించింది. చిన్నాన్న ఒక్కొక్క వేలే విడదీశాడు.

మొదటి నాలుగు రోజులూ బాగానే గడిచాయి. రెండు కళ్ళూ చెరోవైపు తిప్పుతూ ఉండి ఉండి, హఠాత్తుగా రెంటినీ మిడత మీద ఒకేచోట నిలిపేది, అంతలోనే మిడత ఉండేది కాదు. కానీ తినేటప్పుడు తప్ప మిగిలిన వేళల్లో దాని ఒక కన్ను మధ్య తలుపు మీదే ఉండేది. నేను ఎటు నిలబడ్డా అంతే. తలుపుకు అవతల పిన్ని గోడవైపు తిరిగి కూర్చుని ఉండేది. ఆ రెండు గదుల మధ్యా నిలబడితే, ఇద్దరు మాట్లాడుకుంటూ నన్ను చూసి ఆపేసినట్టు ఉండేది.

అయిదోనాటి నుంచి అది తినడం మానేసింది. కొమ్మ దిగి అడుగుచెక్క మీదికి వచ్చి, ముందుకాళ్ళతో గీరడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం నాన్న కొట్టు తలుపులు దగ్గరగా వేసి భోంచేసి నడుం వాల్చే వేళకి, వీధంతా సద్దుమణిగాక, మేడ మీద నుంచి వినబడేది. గీక్... గీక్... కాసేపాగి మళ్ళీ గీక్. మూసిన తలుపును లోపలి నుంచి ఎవరో గోటితో గీరుతున్నట్టు. నాయనమ్మ జపమాల ఆపేసి, పైకప్పు వైపు చూసి అంది: “గొయ్యి తవ్వుతోందర్రా అది. ఎవరికోసమో.”

ఆ మాటన్న మూడోనాడు నాన్న కొట్టులోంచి వణుకుతూ వచ్చి పడుకున్నాడు. మరో రెండు రోజులకు కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లన్నాడు డాక్టరు. నాకు అంతకంటే భయమేసింది పైకి వెళ్ళి చూసినప్పుడు. అలమరలో దాని ఒంటి మీద, ఎప్పుడూ లేని పసుపుపచ్చ మచ్చలు లేచాయి. పక్కలు ఉబ్బిపోయి ఉన్నాయి. దాని చుట్టూ నేను కప్పిన నాన్న పంచె. ఊళ్ళో ఇన్ని గుడ్డలుండగా నాన్న ఒంటి మీది గుడ్డే ఎందుకు తెచ్చానా అనుకుంటూ, అమ్మకు చెప్పలేక, పంచె లాగేద్దామంటే దాని కన్ను నా మీదే ఉండి చెయ్యి చాపలేక, మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. చిన్నాన్న స్కూలుకూ, కొట్టుకూ, డాక్టరు దగ్గరకూ తిరుగుతూ అటు చూసే తీరికలో లేడు. ఆయన చదివిన పుస్తకంలో ఆడ ఊసరవెల్లి సంగతి ఒక్క ముక్క కూడా లేదని తర్వాత చెప్పుకుని బాధపడ్డాడు.

నాయనమ్మ పంచెను చూడనే చూసింది. “అది పచ్చబడింది, వీడు పచ్చబడ్డాడు. ఇంకా ఏం చూడాలి?” అని, బస్తాలు మోసే కళాసీని పిలిచి కర్ర ఇచ్చి మేడ మీదికి పంపింది. వెనకే తనూ ఎక్కింది. నేను వాళ్ళ వెనక. మిట్టమధ్యాహ్నం. గీక్, గీక్. కళాసీ జాలీ తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేశాడు.

అప్పుడు మధ్య తలుపు తెరుచుకుంది. జుట్టు విరబోసుకుని పిన్ని నిలబడి ఉంది. కళాసీ రెండడుగులు వెనక్కి వేశాడు, తప్పు అతనిది కాదు, నేనూ వేశాను.

“కర్ర కింద పెట్టు నాయనా,” అంది. ఆరు నెలలుగా వాడని గొంతు, ఎవరిదో అనిపించింది. నాయనమ్మ వైపు తిరిగి, “అది గొయ్యి కాదండీ అత్తయ్యగారూ. నిండుమనిషండీ అది. గుడ్లు పెట్టడానికి దానికి మట్టి కావాలి. ఇన్నాళ్ళ బట్టీ చెక్క మీద గీరుకుంటోంది, వింటున్నాను,” అంది.

నాయనమ్మ జాలీ దగ్గరకు వచ్చి దాని ఉబ్బిన పక్కల్ని చూసింది. ఆ ఇంట్లో నలుగురిని కన్నది ఆవిడ. చివరికి కళాసీని చూసి, “వింటున్నావుగా, వెళ్ళి మట్టి పట్రా. ఇసక కలిపి తే,” అని మాత్రం అని, మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లు దిగిపోయింది.

పాత రేకుతొట్టి నిండా తడిమట్టి పోసి అలమరలో పెట్టాం. అది దిగింది. ఆ మధ్యాహ్నమంతా తవ్వింది. తల కనపడనంత లోతు తవ్వి, వెనక్కి తిరిగి అందులోకి దిగి, కళ్ళు సగం మూసుకుని ఉండిపోయింది. పిన్ని జాలీకి నుదురు ఆనించి కదలకుండా కూర్చుంది. చీకటి పడేముందు అది పైకి వచ్చి, వెనకకాళ్ళతో మట్టి నెట్టి, నెట్టి, చేతుల్తో అదిమి, ఇంక అక్కడ ఏమీ లేనట్టు చదును చేసింది. పక్కలు లోపలికి పోయి, ఎముకలు కనబడుతున్నాయి. స్కూలు నుంచి వచ్చిన చిన్నాన్న గుమ్మంలో చెప్పులతోనే నిలబడి చూస్తున్నాడు. పిన్ని ఆయన వైపు తిరగకుండానే అడిగింది.

“ఏవండీ, మన పిల్లని ఎక్కడ పెట్టారండీ?”

నాన్న కాస్త లేచి కూర్చోగలిగాక, మార్గశిరంలో, చిన్నాన్న, పిన్ని, నేను రెండు బస్సులు మారి ముదినేపల్లి వెళ్ళాం. బుట్టలో దాన్ని కూడా తీసుకెళ్ళాం, పట్టుకున్న చోటే వదిలెయ్యాలని. మర్నాడు పొద్దున్నే ఊరు దాటి, కొల్లేటి వైపు పోయే మురుగుకాలువ గట్టు మీద నడిచాం. మంచు ఎంతగా కమ్మిందంటే ముందు నడిచే చిన్నాన్న నడుం కింది నుంచి కనిపించేవాడు కాదు. రెండువైపులా కిక్కిసగడ్డి, అందులో ఎక్కడో నీటికోడి ఒకటి అరిచి ఊరుకుంది.

చిన్నాన్న ఒకచోట ఆగాడు. మళ్ళీ ముందుకు నడిచాడు. వెనక్కి వచ్చాడు. ఆ వర్షాకాలం కొల్లేరు పొంగి గట్టు మీదుగా పారి, తుమ్మచెట్లు రెండు కూలి, పాత మట్టి పోయి కొత్త ఒండ్రు చేరింది. ఆయన గుర్తుపెట్టుకున్నది ఏదీ అక్కడ లేదు. పిన్ని ఆయన ముఖంలోకే చూస్తోంది, ఆయన ఆమె వైపు చూడటం లేదు. ఆ ఇబ్బందిలో ఏదో ఒక పని చెయ్యాలన్నట్టు, నా చేతిలోని బుట్ట తీసుకుని నేల మీద పెట్టి మూత తీశాడు.

అది బయటికి వచ్చింది. నాలుగడుగుల దూరంలో తుమ్మచెట్టుంది, ఆ జీవానికి కావలసింది చెట్టే. అయినా అటు వెళ్ళలేదు. అడుగు ఎత్తి, గాలిలోనే ఊగించి, ఆలోచించి దించుతూ, గట్టు వెంట నడిచింది. దాని వెనక మేం ముగ్గురం, అంతే నెమ్మదిగా. కొంతదూరం పోయి ఆగింది. ముందుచెయ్యి ఒకటి చాపి మట్టి మీద ఆనించింది. రెండు కళ్ళూ తిప్పి కిందికి, ఒకేచోటికి చూసింది. మిడతను చూసినప్పుడు తప్ప అది అలా చూడగా నేనెన్నడూ చూడలేదు. అక్కడ మిడత లేదు, చీమ కూడా లేదు.

“ఇక్కడే,” అన్నాడు చిన్నాన్న.

పిన్ని కూర్చుంది. అరచెయ్యి ఆ మట్టి మీద పెట్టింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. ఏదో మెల్లగా చెప్పుకుంటూ ఉంది, పేరు పెట్టి పిలుస్తున్నట్టు. వినకూడదనిపించి నేను కాలువ వైపు తిరిగాను. మళ్ళీ తిరిగి చూసేసరికి ఊసరవెల్లి లేదు. తుమ్మచెట్టు ఎక్కిందో, కిక్కిసలోకి దిగిందో, ఆ రంగులో ఎక్కడ కలిసిపోయిందో, ఎంత వెతికినా కనిపించలేదు.

నాన్న కోలుకున్నాడు. పిన్ని మాట్లాడింది, కొట్టులో కూర్చుని బేరాలు కూడా చేసింది. మళ్ళీ పిల్లలు మాత్రం పుట్టలేదు. రేకుతొట్టిని నాయనమ్మ పారెయ్యనివ్వలేదు. వేసవంతా తనే పొద్దున్నే నీళ్ళు చిలకరించేది, అడిగితే ధూళి లేవకుండా అనేది. తొలకరిలో ఒకరోజు మట్టి మీద చిన్నచిన్న బొక్కలు కనిపించాయి. పిల్లల్ని మేం చూడలేదు, కిటికీలోంచి వెళ్ళిపోయాయి. ఏటేటా వైశాఖంలో పిన్ని ముదినేపల్లి వెళ్ళి ఆ గట్టు మీద కాసేపు కూర్చుని వచ్చేది.

ఆవిడ పోయాక, చిన్నాన్న కూడా మంచానపడ్డ రోజుల్లో, నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాడు. “ఆ పొద్దున నాకు చోటు తెలియలేదమ్మా. అది ఆగింది, నేను ఇక్కడే అన్నాను.” పిన్నికి ఈ మాట ఎప్పుడైనా చెప్పారా అని అడిగాను. చెప్పాడట, చాలా ఏళ్ళ తర్వాత. “నాకు అప్పుడే తెలుసండీ అంది. కానీ అంత మంచులో ఆ మట్టి వెచ్చగా ఉందండీ అంది.”

ఇప్పుడు ఆస్పత్రుల్లో అలాంటి బిడ్డను తల్లి ఒడిలో పెడుతున్నారు. ఆమె చూసుకుని, తడుముకుని, తనే అప్పగించేదాకా ఆగుతున్నారు. మా బంధువులమ్మాయి ఒకామె ఆ సంగతి చెబుతుంటే, ఆ చిన్న మర్యాదకు ఇన్నేళ్ళు పట్టిందా అనుకున్నాను. మొన్న ముదినేపల్లిలో పెళ్ళికి వెళ్ళి వస్తూ, కారు ఆపించి దిగాను. గట్టు లేదు, కిక్కిస లేదు. కనుచూపుమేర చేపల చెరువులు, వాటిలో తెల్లగా నురగలు చిమ్ముతూ తిరిగే యంత్రాలు. ఎక్కడండీ అని డ్రైవరు మర్యాదగా అడిగాడు. ఆ చోటు చూసినవాళ్ళలో మిగిలింది నేనొక్కదాన్నే. ఎటు చెయ్యి చాపాలో తెలియక, నీళ్ళ వైపు చూస్తూ కాసేపు నిలబడి, వచ్చి కారెక్కాను.