మోమోల హోటల్లో వీసా సలహాలు

సిడ్నీలో నేపాలీ విద్యార్థులకు వీసా సలహాలిచ్చే టంకప్రసాద్‌కు మోమోల హోటల్లో మూల బల్లే ఆఫీసు. ఎవరి బతుకు గురించైనా నములుతూనే మాట్లాడతాడు. పెళ్లి దాచిపెడితే వీసా తొందరగా వస్తుందని సర్మిల అనే విద్యార్థినికి నేర్పింది అతనే. ఏడాది తర్వాత ఆమె భర్తను పిలిపించుకుందామని వచ్చింది.

"పెళ్లి కాలేదని రాసి, ఇప్పుడు మొగుణ్ణి రానివ్వమంటే ఒప్పుకుంటారా? అబద్ధమెందుకు చెప్పావు చెల్లీ?" అన్నాడు వేళ్లు నాక్కుంటూ.

"నువ్వే కదన్నా చెప్పమన్నది!"

"సంతకం నీది." గొంతు తగ్గించాడు. "అతణ్ణి వదిలెయ్. ఇక్కడే మంచి కుర్రాణ్ణి చూస్తా."

సర్మిల లేచి, అందరికీ వినబడేలా అడిగింది: "మరి నీ ఇంట్లో ఉన్న మా వదినకెవర్ని చూశావన్నా?"

హోటలంతా నవ్వింది. టంకప్రసాద్ కూడా నవ్వేసి ఇంకో ప్లేటు తెమ్మన్నాడు. సర్మిల భర్త నేపాల్లో, పోఖరాలోనే ఉండిపోయాడు. మర్నాడు ఆమె కూర్చున్న కుర్చీలో మరో కొత్త పెళ్లికూతురు కూర్చుంది.