మావాడు కాని పరదేశి

మా మామ్మ అచ్చియ్యమ్మ దేన్నయినా మెచ్చుకుందంటే దాని మీద ఆమెకు ప్రేమ లేదని అర్థం. పక్కింటివాళ్ల గేదెను "లచ్చిమిలాగుంది" అనేది. మా గేదెను మాత్రం నురగ పొంగే చెంబు చేత్తో పట్టుకుని మరీ "దొంగముండ, సుక్క పాలివ్వదు" అని తిట్టేది. మా బెల్లం బంగారంలా ఉందని అనకాపల్లి వర్తకుడు అంటే, "మాడిపోయింది బాబూ, కంపు" అని ఆయన్ని గుమ్మంలోనే ఖండించింది. నన్ను పుట్టిన దగ్గర్నుంచీ కోతిగుంట అనే పిలిచేది. ఆ లెక్కన ఇంట్లో అందరికంటే నేనే ముద్దు. అన్నయ్యను ఒకసారి పొరపాటున "బాగానే ఉన్నాడు" అంది. వాడికి ఆ పూట అన్నం సహించలేదు.

ఇదంతా యముడి చెవిన పడకుండా చేసే ఏర్పాటు.

మామ్మ తల్లికి పిల్లలు పుట్టడం, పోవడం. మిగిలింది మామ్మ ఒక్కతే. చాలా ఏళ్లకు మగపిల్లవాడు పుడితే, మంత్రసాని వాణ్ణి చేటలో పెట్టి పెంటకుప్ప మీద వదిలి వచ్చింది. ముందే మాట్లాడుకున్న బైరాగి ఒకాయన, ఏ దేశంవాడో తెలియని పరదేశి, ఆ చేట ఎత్తుకొచ్చి "పిల్లోడు దొరికేడు, కొంటారా?" అని వీధిలో నిలబడ్డాడు. దోసెడు తవుడు పోసి కొనుక్కున్నారు. కొనుక్కున్న పిల్లవాడు గనక ఆ ఇంటివాడు కాడు. కాడు గనక యముడికి ఆ ఇంట్లో పని లేదు. పేరు కూడా పరదేశి అనే పెట్టారు. ఆ ఇంట్లో ఎవరూ వాణ్ణి "మావాడు" అనకూడదు. ఎవరడిగినా "దారినపోయేవోడు" అనాలి.

ఆ మాట చోడవరమంతా తిరిగి చెప్పే పని మామ్మది. తమ్ముణ్ణి చంకనేసుకుని, వాడి ముక్కు తుడుస్తూ, "మావోడు కాదు" అని చెప్పేదిట. వాడికి మాటలొచ్చాక వాడూ నేర్చుకున్నాడు. ఆకలేస్తే గుమ్మంలో నిలబడి, "అప్పా, దారినపోయేవోణ్ణి, కూడెడతావా?" అనేవాడు. "కూడు నేదు, పో" అంటూ మామ్మ కంచం పెట్టేది.

మీసాలు వచ్చీరాకుండానే పరదేశి ఓడెక్కి రంగం పోయాడు. రంగూన్‌ను మావైపు అలాగే అంటారు. బియ్యం మిల్లులో పని దొరికింది, పెళ్లయింది, పిల్లలు పుట్టారు. జపానువాళ్ల యుద్ధంలో మావైపువాళ్లు చాలామంది నడిచి వచ్చేశారు గాని ఆయన రాలేదు. తర్వాత బర్మాకు స్వరాజ్యం వచ్చింది, వెనకే తుపాకులూ వచ్చాయి. ఆ రోజుల్లోనే రంగం నుంచి తిరిగొచ్చిన కె.కోటపాడు సత్యారావు మా ఇంటికొచ్చి కబురు చెప్పాడు.

"మిల్లు కాలిపోయింది పిన్నీ. పరదేశి పిల్లల్తో ఓ రేకుల సావిట్లో ఉన్నాడు. 'మాకు కాగితాల్లేవు, మా దేశం పంపించీండి' అని అక్కడ మన కచేరీలో అడిగేడు. ఊళ్లో ఎవులైనా మావోడే అని సెప్తే కాందిశీకుడని రాసుకుని ఓడెక్కిస్తారట. ఇక్కడి తాసీల్దారుకి తాకీదొచ్చింది. నువ్వెల్లి మావోడే అను. అంతే."

"కందులేటి, శీకాయేటి! ఆడు మనిసి" అంది మామ్మ. కాని 'మావోడే అను' దగ్గరే ఆమె మొహం పాలిపోయింది. ఆ మాట అనకపోవడం వల్లే తమ్ముడు ఇన్నాళ్లు బతికి ఉన్నాడని ఆమె నమ్మకం. ఇప్పుడనకపోతే తమ్ముడు రాడు. అంటే ఉండడు.

మర్నాడు తాలూకా కచేరీకి నన్ను తోడు తీసుకెళ్లింది. ఐదో తరగతిలో బడి మానేసిన నేనే మా ఇంటికి పండితురాలిని. తాసీల్దారు గోదావరివైపు మనిషి, కొత్తగా బదిలీ మీద వచ్చాడు.

"అతని పేరు?" అన్నాడు.

"పరదేశి బాబూ."

"పరదేశమో స్వదేశమో నేను తేలుస్తాను. నువ్వు పేరు చెప్పు."

"పరదేశే బాబూ."

మావైపు ఆ పేరు వీధికొకరికి ఉంటుందని గుమాస్తా ఆయన చెవిలో చెప్పాడు. తాసీల్దారు నుదురు రుద్దుకున్నాడు. "సరే. నీకేమవుతాడు?"

"ఏటీ అవడు. దారినపోయేవోడు."

"మరి ఎందుకొచ్చావు?"

"ఆణ్ణి తెప్పించండి బాబూ, మీ కాలట్టుకుంటాను. పిల్లలున్నారట. మిల్లు కాలిపోయిందట."

"మీవాడు కానివాణ్ణి ఎలా తెప్పిస్తామమ్మా?"

"మావోడు కాదు కాబట్టే గదా బాబూ, బతికున్నాడు!"

గుమాస్తా నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగాడు. తాసీల్దారు మాత్రం కలం కింద పెట్టేశాడు. "మావాడని చెప్పేవాళ్లు ఎవరూ లేరని రాసి పంపుతాను. ఇక ఇంటికి వెళ్లు."

మామ్మ కదల్లేదు. చెంగు నోట్లో కుక్కుకుని నిలబడిపోయింది. గేదె చచ్చిన రోజు కూడా ఆమె కళ్లలో నీళ్లు నేను చూడలేదు. ఆ రోజు చూశాను.

నేను చెయ్యి పట్టుకుని లాగాను. "మామ్మా, ఇంగ్లీషులో సెప్పీ. యముడికేటి తెలుస్తది?"

"ఆడికి ఇంగిలీసు రాదా?"

"నాకే రానేదు. దున్నపోతు తోలుకునేవోడికి ఎక్కడొస్తది?"

నా మాట మీద ఆమెకు నమ్మకం చాలలేదు. చేతులు కట్టుకుని తాసీల్దారునే అడిగింది. "బాబూ, మీరు సదూకున్నోరు. యముడికి ఇంగిలీసొచ్చా?"

ఆయన మామ్మ మొహం చూశాడు, తర్వాత గుమాస్తా వీపు చూశాడు. "రాదమ్మా. మా కచేరీలోవాళ్లకే సరిగ్గా రాదు" అన్నాడు.

బడిలో విన్న రెండు ముక్కలు నేను అందించాను. మామ్మ పైకప్పు చూసింది, తలుపు వెనక చూసింది, బల్ల మీదికి వంగి గుసగుసగా అంది.

"మయ్యి బెదురు."

"బెదురా? బ్రదరా?" అన్నాడు తాసీల్దారు.

"ఏదో ఒకటి రాసుకోండి బాబూ. ఆడు రావాలి."

ఆయన రాసుకున్నాడు. వేలిముద్ర వేసి బయటికి రాగానే, ఎందుకైనా మంచిదని, వీధిలో పోయేవాళ్లందరికీ వినబడేలా "మావోడు కాదు, మావోడు కాదు" అని అరిచింది.

చెరకు గానుగలు మొదలయ్యే రోజుల్లో పరదేశి తాత విశాఖపట్నంలో ఓడ దిగి, బస్సులో చోడవరం వచ్చాడు. బట్టతల, ముందు పళ్లు లేవు, రంగం లుంగీ, వెనకాల పెళ్లాం, ఇద్దరు బక్కపిల్లలు. వీధివీధంతా మా గుమ్మం ముందు చేరింది. పొద్దున్నుంచి చేపల పులుసు, అరిసెలు అంటూ పొయ్యి దగ్గరే ఉన్న మామ్మ, మసి చేతులతో బయటికొచ్చి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఎవులు నువ్వు?"

ముసలాయన ట్రంకుపెట్టె కింద పెట్టాడు. "దారినపోయేవోణ్ణప్పా. కూడెడతావా?"

"కూడు నేదు, పో" అంది మామ్మ. అంటూనే ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజొకటి చిట్లింది.

అంతా బాగానే ఉంది గాని, అన్నాల దగ్గర ఆ పిల్లలిద్దరినీ తేరిపార చూసి, "ఈ కోతిగుంటలు ఎవులమ్మా, ఇంత వికారంగా ఉన్నారు!" అంటూ వాళ్ల ఆకుల్లో తలో రెండు అరిసెలు వేసింది. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు మంచిపిల్లవి గదా, కాసిన్ని నీళ్లు తే" అంది.

ఆ పూట నాకూ అన్నం సహించలేదు.