పురుటికి పంపని అత్తమ్మ

మొన్న హుజూర్‌నగర్ దాటాక బస్సు కిటికీలోంచి పురుగుమందు వాసన గుప్పున కొట్టింది. పక్క పొలంలో ఎవరో వరికి మందు కొడుతున్నారు. నా చెయ్యి దానంతటదే కొంగును ముక్కు మీదికి లాగింది. ఈ అలవాటు నాకు మా అత్తమ్మ నేర్పింది. ఆమె పోయి మూడేళ్లయింది.

నిజానికి నేను ఆ వాసనలోనే పుట్టి పెరిగాను. కోదాడలో మా వాళ్లది ఎరువులు, పురుగుమందుల దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు. మందు డబ్బాల అట్టపెట్టెలు మేం పడుకునే గదిలోనే గోడవారగా ఉండేవి. మిర్యాలగూడకు కోడలిగా వచ్చాక మొదటి గర్భం ఐదో నెలలో పోయింది. ఎందుకు పోయిందో డాక్టరమ్మ చెప్పలేకపోయింది. రెండోసారి నెల తప్పినప్పటి నుంచి నాకు సంతోషం కంటే భయమే ఎక్కువగా ఉండేది.

ఏడో నెలలో ఆచారం ప్రకారం పురుటికి తీసుకెళ్లడానికి అమ్మ వచ్చింది. అత్తమ్మ ఆమెకు కడుపునిండా అన్నం పెట్టి, చేతులు కడుక్కున్నాక చల్లగా చెప్పింది. "పిల్లను పంప వదినా."

అమ్మ ముఖం మాడిపోయింది. "మేం ఏం తక్కువ చేశాం వదినా?"

"తక్కువ గాదు. మీ ఇంట్ల మందుల వాసన ఉంటది. తల్లి పీల్చింది కడుపుల బిడ్డకు గూడ తగుల్తదని డాక్టరమ్మ చెప్పింది. పుట్టినంక పసిగుడ్డు గా గదిలనే పండాలె గదా."

"ముగ్గుర్ని ఆ గదిలోనే పెంచాను. వాళ్లకేమైంది?"

"ఏం గాలే, దేవుని దయ. ఒకసారి పోగొట్టుకున్నం. మల్ల గంత ధైర్యం నాకు లేదు."

అమ్మ కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. చాకిరీ కోసమే కోడలిని పంపలేదని వాడంతా కోడై కూసింది. నాకూ కోపమే. అన్నం కంచం ముందు ముఖం తిప్పుకున్నాను. "కుండకు మూకుడు పెడ్తం గని ఊరి నోటికి పెడ్తమా? నువ్వు తిను," అంది అత్తమ్మ.

ఆ వారంలోనే ఒక పొద్దున ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి కోదాడ పోయింది. సాయంత్రానికి మా అమ్మను, ఆమె బట్టల సంచిని వెంటబెట్టుకొని దిగింది. వంటింటి గడప దగ్గర ఆగి, "ఇయ్యాల్టి నుంచి గిది నీ ఇల్లు వదినా. పిల్ల నీ ఇంటికే పురుటికొచ్చింది. నేను చుట్టాన్ని," అంది. అన్నట్టే చేసింది. తన ఇంటి వరండాలోనే కూర్చొని, "వదినా, జర చాయ్ దొరుకుతదా?" అని అడిగేది. అమ్మ మొదట బిగుసుకుంది, తర్వాత నవ్వేసింది. ఆ రాత్రి నాకు కంటినిండా నిద్ర పట్టింది. అలాగని అమ్మ ఊరుకునే మనిషి కాదు. "మీ ఊళ్లో బియ్యం మిల్లుల బూడిద రాలట్లేదా వదినా?" అని ఒకరోజు దెప్పింది. అత్తమ్మ ఆ పూటే నా మంచాన్ని వీధి గదిలోంచి వెనక గదికి మార్పించింది.

నెలలు నిండాకే పాప పుట్టింది. ఏడుపు వినగానే ఆసుపత్రి గది బయట బల్ల మీది వియ్యపురాళ్లిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారట. నా గుండె మీది బండ దిగినట్టయింది. ఆ మందుల గదిలో ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం రాకుండా అత్తమ్మ అడ్డం నిలబడింది.

పాపకు మూడో నెల వచ్చాక, కూతుర్ని పుట్టింటి నుంచి సాగనంపేటప్పుడు పోసే ఒడిబియ్యం అమ్మ నాకు ఆ ఇంట్లోనే పోసింది. అత్తమ్మ నన్నూ పాపనూ వెనక తలుపులోంచి బయటికి పంపి, తను హారతి పట్టుకొని ముందు తలుపు దగ్గర నిలబడింది. మేం ఇల్లు చుట్టి వచ్చాం. ఎదురింటివాళ్లు నవ్వుతున్నారు.

"ఇగ రా కోడలా. పుట్టింట్ల బాగనే సూసుకున్నరా?"

"బాగానే చూసుకున్నారు అత్తమ్మా," అన్నాను, ఏడుపు ఆగక.

ఇప్పటికీ ఆ వెనక తలుపులోంచి బయటికి అడుగు పెడుతుంటే, పుట్టిల్లు విడిచి వెళ్తున్నట్టు ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాను.