తగ్గించు బాబాయి

బస్సులో కిటికీ పక్క సీటు, ఒళ్లో దుప్పటి చుట్టిన కంప్యూటర్ డబ్బా. మలుపు దగ్గర చెయ్యెత్తి బస్సు ఆపిన మనిషిని చూడగానే అమ్మాయి దుప్పటిని ఇంకాస్త పైకి లాగి, డబ్బాను పసిబిడ్డలా హత్తుకుంది. లాభం లేకపోయింది. ఎక్కింది తగ్గించు బాబాయి. ఏ వస్తువును చూసినా, ఏ మనిషిని చూసినా "ఇది రోజూ తట్టుకుంటుందా? కాస్త తగ్గించు" అనకుండా ఉండలేని మనిషి. సొంత బాబాయే. తప్పించుకునే దారి లేదు.

ఇది పుట్టుకతో వచ్చిన తెగులని అమ్మాయి తల్లి, అంటే ఆయన వదినగారు, గట్టిగా వాదిస్తుంది. అది పొరపాటు. నాలుగు ఊళ్లు తిరిగినవాళ్లకు తెలుస్తుంది, వృత్తి అనేది చేతికే కాదు, చూపుకీ అంటుకుంటుంది. దర్జీ మన ముఖం వదిలేసి భుజాలతో మాట్లాడతాడు. పళ్ల డాక్టరుకు జోకు చెబితే మన నవ్వులో పుచ్చు వెతుకుతాడు. బాబాయి జీవితమంతా లిఫ్టులు తనిఖీ చేశాడు. ఒక్కసారి పదిమందిని మోయడం గొప్ప కాదు, రోజూ మోయాలి అన్నది ఆయన ఉద్యోగ ధర్మం. రిటైరయ్యాక లిఫ్టులు పోయి కంప్యూటర్ల పిచ్చి పట్టింది గానీ, ధర్మం మాత్రం మారలేదు.

ఒక పెళ్లిలో ఫొటోగ్రాఫర్ నవ్వమన్నాడని పెళ్లికొడుకు చెవుల దాకా నవ్వుతున్నాడు. బాబాయి వేదికెక్కి అతని చెవిలో, "అబ్బాయ్, ఈ నవ్వు రోజూ తట్టుకోగలవా? లేకపోతే ఇప్పుడే తగ్గించు. తర్వాత తగ్గిస్తే ఆ పిల్ల కారణం అడుగుతుంది" అన్నాడు. పాపం, అతను భయపడి తగ్గించాడు. ఆల్బమ్ నిండా ఉద్యోగం కోసం ఇంటర్వ్యూకొచ్చినవాడిలా కూర్చున్నాడు.

బస్సులో బాబాయి పక్కసీటుకు చేరి, క్షేమ సమాచారాలు అడక్కుండానే దుప్పటి ఎత్తి చూశాడు.

"ఆటోలో పెట్టావా?"

"ఆటో దొరక్కే కదా బాబాయ్ బస్సెక్కాను!"

"ఆ ఆటో కాదే తల్లీ. ప్రాసెసర్‌కి వోల్టేజీ దానంతటదే చూసుకునేలా ఆటోలో వదిలేశావా, నువ్వే అంకె వేశావా అని."

అమ్మాయి జరిగిందంతా చెప్పింది. కంప్యూటర్‌కు మెదడులాంటి ఆ చిప్‌ను కంపెనీ చెప్పిన స్పీడుకు మించి పరిగెత్తిస్తోంది. అలా పరిగెత్తాలంటే కరెంటు కాస్త ఎక్కువ పట్టించాలి. ఎంత ఎక్కువన్నది తెలియక, ఇంటర్నెట్‌లో ఎవరో గొప్పలు పోతూ రాసిన అంకె తెచ్చి వేసింది. మొదట్లో గుర్రంలా పోయింది. తర్వాత మధ్యలో ఆగిపోవడం మొదలెట్టింది. ఆగినప్పుడల్లా ఇంకాస్త పెంచింది.

"అంటే, అలిసిపోయిందని కొరడా తీశావన్నమాట."

"ఇంకేం చెయ్యను? రేపు పొద్దున్నే లైబ్రరీ కమిటీకి బొమ్మ చూపించాలి. కట్టబోయే భవనంలో నడుస్తున్నట్టు సినిమా. అవ్వకపోతే ఆ పని వేరేవాళ్లకి పోతుంది. నా ఆఫీసు గది ఖాళీ చేసి మళ్లీ ఆ పాత బాసు కిందే చేరాలి. బజార్లో షాపువాడు ఇంకా పెంచి ఇస్తానన్నాడు, అక్కడికే పోతున్నా."

"దిగు."

"ఏంటి?"

"బస్సు దిగు. వెనక్కి పోదాం."

"బాబాయ్, టికెట్టు!"

"ఎవరో వేసుకున్న అంకె నీకెందుకే? వాడి చిప్ వాడిది, నీ చిప్ నీది. ఒకే అచ్చులో పోసినా, తట్టుకునే శక్తి దేనిది దానిదే." కండక్టరు వైపు తిరిగి, "బాబూ, ఆపు. ఆ విజిల్ కాస్త తగ్గించి ఊదు" అన్నాడు.

ఆమె ఆఫీసంటే మూడో అంతస్తులో ఒక గది. ఒక బల్ల, ఒక మంచం, ఒక స్టూలు. బాబాయి స్టూలు మీద సర్దుకుని, సెట్టింగుల్లోకి వెళ్లి ముందు స్పీడు ఒక మెట్టు దించాడు.

"అయ్యో, స్పీడు తగ్గితే రేపటికెలా అవుతుంది?"

"అది ఆగిపోయినప్పుడు స్పీడెంత?"

"...సున్నా."

"ఆ సున్నాలు కూడా కలిపి లెక్క చూసుకో."

ఆ తర్వాత వోల్టేజీ కొంచెం కొంచెంగా దించుతూ, ప్రతిసారీ చిప్‌కు గట్టి పరీక్ష పెట్టాడు. ఒకచోట అది తూలిపడింది. అక్కణ్నుంచి ఒక మెట్టు పైకెక్కించి నిలబెట్టాడు. పాత అంకెకూ దీనికీ చాలా తేడా. పొయ్యిలా ఉన్న డబ్బా చెయ్యి పెట్టేలా చల్లబడింది.

"ఇదీ రోజువారీ అంకె" అన్నాడు బాబాయి, పెళ్లి కుదిర్చినవాడిలా. "పందెం రోజుకి వేరే. మామూలు రోజుకి ఇదే."

ఆగిపోయిన దగ్గర్నుంచి ఆ సినిమాకి కావాల్సిన బొమ్మలు మళ్లీ ఒక్కొక్కటే తయారవడం మొదలైంది. అమ్మాయి తెర ముందు కూర్చుని, కునికిపాటు పడి, తల బల్లకు కొట్టుకుని లేచింది.

"నీ కళ్లు ఆటోలో పెట్టినట్టున్నావ్. వాటంతటవే మూసుకుంటున్నాయ్. పడుకో."

"ఆగిపోతేనో?"

"నేనున్నానుగా. చూసుకునేది లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లనే అనుకున్నావా?"

అమ్మాయికి మెలకువ వచ్చేసరికి గోడ మీద సాయంకాలపు ఎండ పడింది. గదిలో చడీచప్పుడూ లేదు. ఫ్యాను మోత వినిపించడం లేదు. ఆగిపోయింది! రేపటి కమిటీ, పాత బాసు, ఖాళీ చెయ్యాల్సిన గది, అన్నీ ఒక్కసారిగా గుండెల మీద కూర్చున్నాయి. మంచం మీంచి ఒక్క దూకు దూకింది.

ఆగలేదు. బొమ్మలు ఒకదాని వెనక ఒకటి నింపాదిగా వస్తున్నాయి. మిగిలినవి కొన్నే. తెర మూలనున్న అంకెలు చూసి ఆమె కళ్లు నులుముకుంది.

"బాబాయ్, ఇందాకటి కన్నా స్పీడూ తగ్గించావు, వోల్టేజీ కూడా తగ్గించావు! ఇందాకటి అంకె చిప్ తట్టుకుంటుందన్నావుగా?"

"చిప్ తట్టుకుంటుంది."

"మరి?"

బాబాయి దొంగతనం బయటపడ్డవాడిలా మెడ గోక్కున్నాడు. "ఫ్యాను బుస్సుమన్నప్పుడల్లా ఉలిక్కిపడి లేస్తున్నావ్. లేచి, తెర చూసి, మళ్లీ పడుకుంటున్నావ్. అలా ఎన్నాళ్లనుంచో ఏమో! మోత పోయేదాకా దించాన్లే. చీకటి పడకముందే అయిపోతుందని లెక్క చూసుకునే దించాను. నీ పనికేం ఢోకా లేదు."

అమ్మాయి తెర ముందు కూర్చుంది. ఇంతలో ఆఖరి బొమ్మ తెర మీదికొచ్చింది. లైబ్రరీ మెట్లు, వాటి మీద పై కిటికీలోంచి జారిన వెలుతురు. ఆమె అనుకున్న దానికన్నా బాగుంది.

"బాబాయ్, అయిపోయింది! రా, చూడు!"

తిరిగి చూస్తే స్టూలు ఖాళీ. బాల్కనీలోకి పరిగెత్తింది. కింద వీధిలో బాబాయి మేజోళ్లతోనే నడిచి వెళుతున్నాడు. గదిలో చప్పుడు కాకూడదని బూట్లు విప్పినట్టున్నాడు. మళ్లీ తొడుక్కోవడం మరిచిపోయాడు. రెండూ చేతిలోనే వేలాడుతున్నాయి.

"బాబాయ్, బూట్లు!"

ఆయన వెనక్కి తిరగలేదు. ఉన్నాయిలే అన్నట్టు బూట్లను పైకెత్తి చూపించి, సందు మలుపు తిరిగిపోయాడు.