భీమడోలు దాటాక ఎత్తని ఫోను

మా అన్నయ్య ఏడేళ్లు వరుసగా భవానీ మాల వేసి, కూర్మన్నపాలెం నుంచి బెజవాడ కొండ దాకా కాలినడకన వెళ్లాడు. ఎనిమిదో ఏడు వెళ్లలేకపోయాడు. రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. గుమ్మంలోంచి ఆటో దాకా రావడానికే గోడ పట్టుకునేవాడు. అందుకని ఆ చలికాలం మాల నేను వేశాను.

నాకు భక్తి ఉందని ఎవరూ అనరు. ఆటోనగర్‌లో లేత్ మిషన్ మీద పని. నోరు మంచిది కాదు. రోజుకి నలుగురినైనా తిట్టనిదే నాకు పొద్దు గడవదు. అలాంటివాణ్ణి తెల్లవారకముందే లేచి చన్నీళ్లు తల మీద పోసుకుని, ఎర్రబట్టలు కట్టుకుని, ఎదురైన ప్రతివాణ్ణీ ‘భవానీ’ అని పిలిచాను. దీక్షలో ఉన్నవాళ్లు ఒకరినొకరు అలాగే పిలవాలి. షెడ్డులో నా తిట్లు తిన్నవాళ్లు ఆ నెలంతా పండగ చేసుకున్నారు.

అన్నయ్యకి మాత్రం ఇష్టం లేదు. మంచం మీంచే గదిమాడు.

“నువ్వు నడిత్తే నాకు కొత్త కిడ్నీలు మొలుత్తాయేట్రా? ఇక్కడే ఉండు. ఆస్పత్రికి తోడొద్దువు.”

నాకు కోపం వచ్చింది. “ఏడేళ్లు నువ్వు ఎవులి కోసం నడిసినావు? మా అందరి కోసం కాదేటి? ఒక్క ఏడు నీ కోసం నాను నడిత్తే తప్పేటి?” అని అరిచాను. జబ్బు మనిషి మీద అరిచాను. ఆయన వదినతో తన ఎర్ర శాలువా తెప్పించి నా ఒళ్లో పడేశాడు.

“రోడ్డు వార తెల్ల గీత మీద నడు. తారు కంటే అదే నున్నగా ఉంటాది. రోజూ ఒకపాలి ఫోన్ సెయ్,” అన్నాడు.

మాల వేసిన ముప్పయ్యో రోజున ఇరుముళ్లు నెత్తిన పెట్టుకుని పదకొండు మందిమి బయల్దేరాం. నాతో మా అక్క మొగుడు, మా బావ ఉన్నాడు. పోర్టులో ట్రైలర్ డ్రైవరు. బెజవాడ రోడ్డంతా అతనికి లారీలోంచే తెలుసు. ఏ ఊరడిగినా “వచ్చీసింది బావా, పావుగంటే” అనేవాడు. ఆ పావుగంట నడిచేసరికి మధ్యాహ్నం అయ్యేది. అతనికి ‘భవానీ’ అని పిలవడం ఎన్ని రోజులకీ అలవాటు కాలేదు. గురుభవాని కళ్లెర్రజేస్తే “జై భవానీ బావా” అనేవాడు.

గురుభవాని అంటే మా గుంపుని నడిపించే పెద్దాయన. స్టీలు ప్లాంటులో రిటైరయ్యాడు. మొదటి రోజు సాయంత్రం అనకాపల్లిలో ఒక గుడి మండపంలో మమ్మల్ని కూర్చోబెట్టి నియమాలన్నీ మళ్లీ చెప్పాడు. చివర్న చెప్పింది ఇది. “ఇంటి కాడ సావు జరిగితే మాల తీసెయ్యాల. కబురు సెవిన పడ్డ సోటే తీసెయ్యాల. సెవిన పడనంతసేపు మైల లేదు.”

ఆ మాట నిజంగా ఎలా ఉంటుందో రాజమండ్రిలో చూశాను. మాలో ఒకతనికి పెదనాన్న పోయాడని ఫోనొచ్చింది. గోదావరి మెట్ల మీద గురుభవాని అతని మాల తీశాడు. ఇరుముడి నీళ్లలో వదిలేశారు. అరువు పంచె, చొక్కా కట్టుకుని, ఆరడుగుల మనిషి చంటిపిల్లాడిలా ఏడ్చాడు. “ఇంకో ఐదు రోజులాగి సచ్చిపోకూడదేటి, ముసలోడు!” అన్నాడు. ఇంకెప్పుడైనా అయితే నవ్వేవాళ్లం. అతన్ని బస్సెక్కించి మిగతా పదిమందిమి బ్రిడ్జి దాటాం.

అప్పటికే నా పాదాలు నావి కావు. మొదటి మూడు రోజులు బొబ్బలు, తర్వాత అవి పగిలి మంట, ఆ తర్వాత ఏమీ లేదు. పొద్దున్నే మంచులో తడిసిన రోడ్డు మీద అడుగు వేస్తే చల్లగా ఉందో, రాయి గుచ్చిందో కూడా తెలిసేది కాదు. నిజం చెప్పాలంటే నాకు అది బాగానే ఉండేది.

రోజూ సాయంత్రం అన్నయ్యకి ఫోన్ చేసేవాణ్ణి. “ఎక్కడ?” అనేవాడు. చెప్పేవాణ్ణి. ఆ ఊళ్లో ఎక్కడ పడుకోవచ్చో, ఎక్కడ కుక్కలుంటాయో చెప్పి పెట్టేసేవాడు. అంతకుమించి మా ఇద్దరికీ మాటలు తెలీవు.

భీమడోలు దాటాం, ఎండ ఇంకా రాలేదు. రోడ్డు పక్కన ఎవరో పుణ్యాత్ములు నడిచేవాళ్లకి వేడి పాలు పోస్తున్నారు. గ్లాసు అందుకుని, టైమెంతైందో చూద్దామని సంచిలోంచి ఫోన్ తీశాను. వదిన నంబరు నుంచి ఆరు కాల్స్. వదిన ఎప్పుడూ నాకు ఫోన్ చెయ్యదు. అంత పొద్దున్నే అసలు చెయ్యదు. నేను చూస్తుండగానే ఏడోది వచ్చింది. చప్పుడు లేదు. చేతిలో వణుకుతోంది.

అన్నయ్య పోయాడు. నాకు తెలిసిపోయింది. కానీ చెవిన పడలేదు.

గురుభవాని పదడుగుల దూరంలో పాలు ఊదుకుంటున్నాడు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, నేను ఫోన్ కట్టేసి పాలు తాగాను. తర్వాత బావ దగ్గరికెళ్లాను.

“బావా, నీ ఫోన్ కట్టెయ్.”

“ఏటైంది?”

“కట్టెయ్ అన్నాను గదా!”

నా మొహం చూశాడు. ఇంకేం అడక్కుండా కట్టేశాడు. ఆ తర్వాత ‘పావుగంటే’ అన్న మాట అతని నోట మళ్లీ వినలేదు. దాంతో నా అనుమానం నాకు ఇంకా గట్టిపడింది. అతను మాత్రం నా మొహం చూసే ఆ అనుమానానికి వచ్చాడు. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని ఒక చావుని ఖాయం చేసుకున్నాం.

ఎందుకు కట్టేశావురా అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. మాల పోతుందనే భయం ఒకటి. అన్నయ్య కోసం ఎత్తుకున్న ఇరుముడి కాలవలో పడెయ్యాల్సి వస్తుందని. ఇంకోటి చెప్పడానికి సిగ్గు. ఎవరూ నాకు చెప్పనంతసేపు ఆయన బతికే ఉంటాడని అనుకున్నాను. ఆ రెండున్నర రోజులు నేను నడిచింది ఆ ఒక్క నమ్మకం మీదే.

ఏడుపు రాలేదు. భయం వెయ్యలేదు. తెల్ల గీత మీద ఒక కాలు ముందు ఒక కాలు వేశాను. మర్నాడు హనుమాన్ జంక్షన్ దగ్గర భిక్షలో పులిహోర పెడితే మారు అడిగి మరీ తిన్నాను. అన్న పోయినవాడు మారు వడ్డించుకుంటాడా? నేను వడ్డించుకున్నాను.

ఆ సాయంత్రం బావ నా పాదాలు ఒళ్లో పెట్టుకుని కొబ్బరినూనె రాశాడు. అతని చెయ్యి తగులుతున్నట్టే లేదు. “బావా, ఏడుపొత్తే ఏడిసీ. నాను సూడనులే,” అన్నాడు.

“ఎందుకేడాల? ఎవులికేటైంది?” అన్నాను.

పాపం, మళ్లీ చేతిలో నూనె పోసుకున్నాడు.

మూడో రోజు కొండ దగ్గర జనం ఇసకేస్తే రాలనంత. గిరి చుట్టూ తిరిగాం. క్యూలో సగం రోజు నిలబడ్డాం. అమ్మవారి ముందుకి వచ్చాక నా నోట్లోంచి వచ్చింది ఒకటే మాట. అన్నయ్యకి నయం చెయ్యి తల్లీ. పోయాడనుకున్న మనిషికి నయం చెయ్యమని అడిగాను. ఇరుముడి విప్పారు, నేతి కొబ్బరికాయ హోమగుండంలో వేశాను, గురుభవాని నా మాల తీశాడు. ఇక ఏం విన్నా ఫరవాలేదు.

బస్టాండులో బల్ల మీద కూర్చుని వదినకి ఫోన్ చేశాను.

“ఏడున్నావు బాబూ?” అంది. గొంతు పోయింది. “నిన్న సాయంత్రం పోయారు. నీ కోసరమని ఈయాల మజ్జానం దాకా ఉంచినాం. నీదీ కలవలేదు, మీ బావదీ కలవలేదు. మీ పిన్ని కొడుకు సేత కొరివి ఎట్టించీసినాం.”

నిన్న సాయంత్రం. నేను వేళ్లు మడిచి రోజులు చూసుకున్నాను. నిన్న సాయంత్రం నా పాదాలు బావ ఒళ్లో ఉన్నాయి.

“మరి మొన్న పొద్దున్న అన్నిసార్లు ఎందుకు సేసినావు వదినా?”

“నాను సెయ్యలేదు బాబూ. మీ అన్నియ్యే సేసేరు. ఊపిరాడక గొట్టం ఎడతామన్నారు డాక్టర్లు. గొట్టం ఎడితే మాటుండదంట. ఒకపాలి తమ్ముడితో మాటాడతాను, అప్పుడెట్టండి అన్నారు. నా ఫోన్ లాక్కుని ఆరేడుసార్లు సేసేరు.”

“ఏటి సెప్పాలనుకున్నాడు?”

“నాకేటి తెల్సు? నానడిగితే, వాడికే సెప్తానన్నారు.”

బావ నా పక్కనే కూర్చుని అంతా విన్నాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయాం. విశాఖ బస్సులో ఎనిమిది గంటలు కూర్చుంటే పాదాలు వాచిపోయాయి. తుని దగ్గరో ఎక్కడో వాటిలోకి నొప్పి తిరిగొచ్చింది. అప్పుడు ఏడ్చాను. కండక్టరు కాళ్ల నొప్పి అనుకుని మాత్ర ఇచ్చాడు. బస్సు దిగాక, మైల ఇంట్లోకి ప్రసాదం తీసుకెళ్లకూడదని దాన్ని పక్కింటివాళ్లకి ఇచ్చేశాను.

నేను మళ్లీ మాల వెయ్యలేదు. కానీ చలికాలం వచ్చేసరికి కూర్మన్నపాలెం జంక్షన్లో బావా నేనూ పొయ్యి పెట్టి, నడిచెళ్లే భవానీలకి వేడి ఉప్మా పెడతాం. పెడుతూ ప్రతివాడికీ చెప్తాను, తెల్ల గీత మీద నడవమని. ఇంకోటి కూడా చెప్తాను.

“ఇంటి కాడ నుంచి ఫోనొత్తే ఎత్తండి.”

మొన్న ఒకతను ఉప్మా ఆకు పట్టుకుని ఆగాడు. “సావు కబురైతే మాల పోద్ది గదా భవానీ?” అన్నాడు.

“పోతే పోనీ, ఎత్తు,” అన్నాను. కసిరినట్టున్నాను. బావ వచ్చి నా చేతిలో గరిటె తీసుకున్నాడు.